ఇది ఎవరి రూల్? డైవర్‌గా మీ హక్కులు తెలుసుకోవడం, అడిగి తీసుకోవడం ఎలా

స్కూబా డైవింగ్‌కు సిద్ధమై బోటు అంచున కూర్చుని, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు ఊపిరి పీల్చాను. నూనె వాసన. మళ్లీ పీల్చాను, అదే వాసన. సిలిండర్ మార్చమని అడిగాను. అన్నీ ఒకే కంప్రెసర్ మీద నింపినవేనని, నీళ్లలోకి దిగాక వాసన తెలియదని గైడ్ చెప్పాడు. నేను దిగనన్నాను. ఒడ్డుకు వచ్చాక డబ్బు వెనక్కి అడిగితే, "దిగనన్నది మీరే కదా, అలాంటప్పుడు రీఫండ్ ఇవ్వకూడదు. గవర్నమెంట్ రూల్" అన్నారు. ఆ రూల్ చూపించమన్నాను. కౌంటర్ వెనక గోడకు అంటించిన కాగితం చూపించారు. దాని మీద ఉన్నది ఆ షాపు పేరు, ఆ షాపు లోగో. అంతే.

ఆ తర్వాత నాకు ఒక అలవాటు అయింది. డైవింగ్‌లో ఎవరు ఏ రూల్ చెప్పినా ముందు ఒకటే అడుగుతాను: ఇది ఎవరి రూల్? ఈ ఒక్క ప్రశ్న అడగడం వస్తే మీ హక్కుల్లో సగం మీ చేతికి వచ్చినట్టే. మిగతా సగం ఎలాగో వరసగా చెబుతాను.

1. రూల్ ఎవరిదో ముందు తేల్చుకోండి

సరదా కోసం చేసే స్కూబా డైవింగ్‌లో రూల్స్ మూడు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి ఆ దేశపు చట్టం. రెండు, మీకు కార్డు ఇచ్చిన శిక్షణ సంస్థ పెట్టుకున్న ప్రమాణాలు. మూడు, షాపు సొంత పద్ధతి. మూడూ ఒకే గొంతుతో వినిపిస్తాయి కాబట్టి అన్నీ చట్టమే అనుకుంటాం.

లోతు సంగతే చూడండి. మొదటి స్థాయి కార్డుకు 18 మీటర్లు, తర్వాతి దానికి 30, సరదా డైవింగ్ మొత్తానికి 40 అని క్లాసులో నేర్పుతారు. ఇవి శిక్షణ సంస్థల అంకెలు. చాలా దేశాల్లో 19వ మీటరుకు దిగినందుకు పోలీసులెవరూ పట్టుకోరు. కానీ మాల్దీవుల్లో 2003 నాటి డైవింగ్ నిబంధనలు 30 మీటర్ల హద్దు పెట్టాయి. అక్కడ అది సంస్థ సలహా కాదు, ప్రభుత్వ నిబంధన. ఫ్రాన్స్‌లో క్రీడల చట్టం ఇంకా వివరంగా ఉంటుంది. గైడ్‌తో ఎంత లోతు వెళ్లవచ్చో, గైడ్ లేకుండా ఎంత వెళ్లవచ్చో వేరువేరుగా 20, 40 మీటర్లంటూ మెట్లు కట్టి చెబుతుంది. ఇజ్రాయెల్‌కు 1979 నుంచే సరదా డైవింగ్ కోసం ప్రత్యేక చట్టం ఉంది. అక్కడ బీమా తప్పనిసరి. కొన్ని నెలలుగా డైవ్ చేయనివాళ్లు ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో రిఫ్రెషర్ చేయాలి. అమెరికాలో మాత్రం సరదాగా డైవ్ చేసేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ లైసెన్స్ అనేదే లేదు. మీ జేబులోని కార్డు లైసెన్స్ కాదు, శిక్షణ పూర్తిచేశారని ఒక సంస్థ ఇచ్చిన సాక్ష్యం. ఆ కార్డు లేకపోతే షాపు గాలి నింపదు. అది షాపు నిర్ణయం, అలా నిర్ణయించుకునే హక్కు దానికి ఉంది.

కాబట్టి వెళ్లే చోటు ఖాయం కాగానే ఇలా చేయండి. ఆ దేశపు పర్యాటక శాఖ, కోస్ట్ గార్డ్ లేదా నౌకాయాన శాఖ, క్రీడల శాఖ, కార్మిక భద్రత విభాగం, మెరైన్ పార్క్ ఉంటే దాని కార్యాలయం, వీటి సైట్లు చూడండి. డైవింగ్ రూల్స్ ఈ ఐదింటిలో ఎక్కడైనా ఉండొచ్చు, ఒక్కో దేశంలో ఒక్కో చోట దాక్కుని ఉంటాయి. దొరక్కపోతే షాపుకే మెయిల్ రాయండి: "మీరు చెప్పే రూల్ ఏ చట్టంలోది? పేరు, సంవత్సరం, సెక్షన్ నంబర్ పంపగలరా?" నిజంగా చట్టమే అయితే గంటలో జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ నంబర్ వాళ్లకు రోజూ పనికొచ్చేదే.

చట్టాలు మారతాయని కూడా గుర్తుంచుకోండి. గ్రీస్‌లో ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న పురాతన వస్తువుల భయంతో, అనుమతించిన కొన్ని ప్రాంతాల్లో తప్ప డైవింగ్ చేయనిచ్చేవారు కాదు. 2005లో వచ్చిన చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది. పదేళ్ల కిందట వెళ్లొచ్చిన స్నేహితుడి మాట పట్టుకుని వెళ్లకండి.

2. ఆ చట్టం ఎవరిని పట్టుకుంటుందో చూడండి

ఇది చాలామంది గమనించని విషయం. ఎక్కువ ప్రభుత్వాలు డైవర్ జోలికి రావు, డైవింగ్ అమ్మేవాళ్ల జోలికి వస్తాయి.

బ్రిటన్‌లో 1997 నాటి నిబంధనలు "పనిలో భాగంగా చేసే డైవింగ్"కు సంబంధించినవి. ఇన్‌స్ట్రక్టర్ జీతం తీసుకుని మీకు నేర్పుతుంటే ఆయన పనిలో ఉన్నట్టే, ఆ నిబంధనలన్నీ ఆయనకు వర్తిస్తాయి. అదే ఆదివారం నలుగురు స్నేహితులు కలిసి సొంతంగా దిగితే వర్తించవు. అమెరికాలో 1977లో వాణిజ్య డైవింగ్ భద్రతా నిబంధనలు వచ్చినప్పుడు, మామూలు గాలితో, డీకంప్రెషన్ (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఒంట్లోని వాయువును మెల్లగా వదిలించుకోవడం) అవసరం లేని హద్దుల్లో నేర్పే ఇన్‌స్ట్రక్టర్లకు మినహాయింపు ఇచ్చారు. శిక్షణ సంస్థలు తమ ప్రమాణాలను అంత పట్టుదలగా కాపాడుకోవడానికి ఇలాంటి మినహాయింపులూ ఒక కారణమని నేను అనుకుంటాను. తామే సరిగా నడుపుకోకపోతే ప్రభుత్వం వచ్చి నడుపుతుంది కదా.

దీనివల్ల మీకేం లాభం? డబ్బిచ్చి డైవ్ చేస్తున్నారంటే మీరు డైవరే కాదు, వినియోగదారుడు కూడా. డైవింగ్ గురించి ఒక్క ముక్క చట్టం లేని దేశంలో కూడా సాధారణంగా వినియోగదారుల చట్టం ఉంటుంది, ప్రయాణికుల బోటు చట్టం ఉంటుంది. మీ హక్కులు చాలావరకు దొరికేది అక్కడే.

3. డబ్బు కట్టేముందు రాతపూర్వకంగా అడగండి

ఫోన్‌లో అడిగితే గాలిలో కలిసిపోతుంది. మెయిల్ గానీ మెసేజ్ గానీ పంపండి. నేను అడిగేవి ఇవి: నీళ్లలోకి దిగాక గానీ దిగకముందు గానీ నేను డైవ్ మానుకుంటే డబ్బు సంగతేంటి? వాతావరణం బాగోలేక మీరే రద్దు చేస్తే? ఒక గైడ్‌కు ఎంతమంది? బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా, వాడటం వచ్చినవాళ్లు ఆ రోజు బోటులో ఉంటారా? డైవింగ్ వల్ల జబ్బుపడితే చికిత్స చేసే డీకంప్రెషన్ చాంబర్ దగ్గరలో ఎక్కడ ఉంది?

కోర్సు అయితే ఇంకొకటి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది విద్యార్థులు? మొదటి స్థాయి కోర్సుకు సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు గరిష్ఠంగా 8 మంది అనేది చాలా శిక్షణ సంస్థలు ఒప్పుకున్న హద్దు. నీళ్లు మసకగా ఉన్నా, ప్రవాహం ఉన్నా 8 కూడా ఎక్కువే. డైవింగ్ సేవలు అందించేవారికి ఐఎస్ఓ 24803 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాన్ని పాటిస్తారా అని కూడా అడగండి. తప్పనిసరి కాకపోయినా, ఆ మాట వినగానే అవతలివాళ్లు ఎలా స్పందిస్తారో చూస్తే షాపు ఎలాంటిదో అర్థమవుతుంది.

4. సంతకం పెట్టే కాగితాలు: ఇక్కడ తొందర వద్దు

రెండు కాగితాలు ఇస్తారు. రెండింటినీ ఒకే క్లిప్పు కింద పెట్టి, బోటు బయలుదేరడానికి పది నిమిషాల ముందు చేతికిస్తారు. ముందురోజే పంపమని అడగండి. అది మొండితనం కాదు, చదవకుండా సంతకం పెట్టనని చెప్పడమే.

మొదటిది ఆరోగ్య ప్రశ్నావళి. 2020లో కొత్తగా రాసిన నమూనాలో మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. అన్నింటికీ "లేదు" అయితే డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. కొన్నింటికి "అవును" అంటే నేరుగా డాక్టర్ సంతకం కావాలి, మరికొన్నింటికి రెండో పేజీలోని వివరాలు చూడాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఊపిరితిత్తుల ఆపరేషన్ లాంటివి ఉంటే దాచకండి. దాచితే ప్రాణానికే ముప్పు. పైగా రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట తీసి చూసేది ఈ కాగితాన్నే. ఏదో ఒకదానికి "అవును" అని రాయాల్సి వచ్చేవాళ్లు ప్రయాణానికి నెల ముందే, ఇంటి దగ్గరే డాక్టర్‌తో సంతకం చేయించుకోండి. సముద్రపు ఒడ్డుకు వెళ్లాక డాక్టర్ కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు. మీ ఆరోగ్య వివరాలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడిగే హక్కు కూడా మీకు ఉంది.

రెండోది బాధ్యత వదులుకునే పత్రం, అందరూ వేవర్ అంటారు. "ఏం జరిగినా, మా నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, మేం బాధ్యులం కాము" అని రాసి ఉంటుంది. చదివితే భయం వేస్తుంది, సంతకం పెట్టేస్తే ఇక హక్కులన్నీ పోయినట్టే అనిపిస్తుంది. నిజం అది కాదు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా ఆ బాధ్యతను ఏ కాగితంతోనూ వ్యాపారి తప్పించుకోలేడు. అమెరికాలో చాలా రాష్ట్రాల కోర్టులు మామూలు నిర్లక్ష్యానికి వేవర్‌ను ఒప్పుకుంటాయి, కానీ ఘోరమైన నిర్లక్ష్యానికి ఎక్కువచోట్ల ఒప్పుకోవు. అంటే ఒకే వాక్యానికి ఒక దేశంలో విలువ ఉంటుంది, ఇంకో దేశంలో ఉండదు. అందుకే కింద చిన్న అక్షరాల్లో చూడండి: వివాదం వస్తే ఏ దేశపు చట్టం, ఏ ఊరి కోర్టు అని రాసి ఉంటుంది. ఆ ఒక్క లైను మిగతా రెండు పేజీల కంటే ముఖ్యం. సంతకం పెట్టాక ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

5. బోటు మీద మీ కళ్లతో మీరే చూసుకోండి

సిలిండర్‌తో మొదలుపెట్టండి. మెడ కింద, భుజం మీద లోహంలో గుద్దిన అంకెలు ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తాయి. వాటిలో నెల, సంవత్సరం ఉన్న ముద్ర వెతకండి. అది నీటి ఒత్తిడితో చేసిన పరీక్ష తేదీ. ఒకటి కంటే ఎక్కువ ఉంటే చివరిది చూడాలి. అమెరికాలో, బ్రిటన్‌లో ఈ పరీక్ష 5 ఏళ్లకోసారి. బ్రిటన్‌లో మధ్యలో రెండున్నరేళ్లకు లోపలి తనిఖీ కూడా ఉంటుంది. అమెరికాలో సిలిండర్ మీద ఏటా మారే స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది, లోపల చూసి అంటించేది. చిత్రమేమిటంటే అక్కడ 5 ఏళ్ల పరీక్ష ప్రభుత్వ రూల్, ఏటా స్టిక్కర్ మాత్రం డైవింగ్ వ్యాపారం తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. ఒకే సిలిండర్ మీద రెండు రకాల రూల్స్.

తర్వాత గాలి. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ ముల్లును చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ పైకి లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరుచుకోలేదని అర్థం. పైన బాగానే ఉన్నట్టు అనిపించి, 20 మీటర్ల కింద ఊపిరి అందకపోవచ్చు. పీల్చిన గాలికి రుచి, వాసన ఉండకూడదు. నూనె వాసనకు నేను అంతలా భయపడటానికి కారణం నూనె ఒక్కటే కాదు. కంప్రెసర్ వేడెక్కి నూనె మాడితే కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు, దానికి వాసనే ఉండదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం పీల్చే గాలిలో అది పది లక్షల భాగాల్లో 5 భాగాలు దాటకూడదు. 30 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి 4 రెట్లు, కాబట్టి ఆ విషం ప్రభావం కూడా అంతగా పెరుగుతుంది. "గాలి చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు? రిపోర్టు చూడొచ్చా?" అని అడగండి. మంచి షాపులు ఆ కాగితాన్ని గోడకు తగిలించి ఉంచుతాయి.

ఇక తలల లెక్క. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఒక అమెరికన్ దంపతులను నీళ్లలోనే వదిలేసి బోటు వెళ్లిపోయింది. వాళ్లు లేరన్న సంగతి బయటపడటానికి రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ వాళ్లు దొరకలేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం నిబంధనలు బిగించింది. బోటు కదిలేముందు ఎక్కినవాళ్లను లెక్కపెట్టి రాసి ఉంచడం అక్కడ ఇప్పుడు చట్టం. మీరు ఏ దేశంలో ఉన్నా సరే, పేర్లు పిలవకుండా బోటు స్టార్ట్ చేస్తే నోరు తెరవండి. "నా పార్ట్‌నర్ ఎక్కాడా, చూశారా?" అని గట్టిగా అడగండి. మీ పేరుకు బదులు ఇంకొకరు "ఉన్నాడు" అని పలికితే ఒప్పుకోకండి.

రాత్రి బోటులోనే పడుకునే ప్రయాణమైతే, పడుకునే గది నుంచి బయటికి రెండు దారులున్నాయా అని చూసి, రెండో దారిలో ఒకసారి స్వయంగా ఎక్కి చూడండి. 2019 సెప్టెంబర్ 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు తెల్లవారుజామున తగలబడి 34 మంది చనిపోయారు. రాత్రంతా ఒకరు మేలుకుని బోటు తిరిగి చూస్తూ ఉండాలన్న రూల్ అప్పటికే ఉంది. ఆ రాత్రి ఎవరూ మేలుకుని లేరు. అందుకే "రాత్రి కాపలా ఎవరు?" అని అడగడానికి మొహమాటపడకండి.

6. డైవ్ ఆపేసే హక్కు

ఏ డైవర్ అయినా, ఏ డైవ్‌నైనా, ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండా ఆపేయవచ్చు. ఇది ఏ ప్రభుత్వమూ ఇచ్చినది కాదు, డైవర్లు తమలో తాము పాటించుకునే మాట. నాకైతే అన్ని చట్టాల కంటే ఇదే పెద్దది. నీళ్లలో బొటనవేలు పైకి చూపితే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. ఎదుటివాళ్లు అదే సైగ తిరిగి చూపి పైకి బయలుదేరాలి. ఎందుకని అక్కడ అడగకూడదు. ఒడ్డుకు వచ్చాక కూడా నిలదీయకూడదు. దిగేముందు వివరాలు చెప్పే బ్రీఫింగ్‌లో ఈ మాట చెప్పని గైడ్‌ను మీరే అడగండి: "ఎవరైనా పైకి అంటే అందరం వచ్చేస్తాం కదా?"

7. నీళ్లు అందరివీ

మీ హక్కుల పక్కనే మీ బాధ్యతలూ ఉంటాయి. కింద డైవర్లు ఉన్నారని చెప్పే జెండా ఎగరేయడం వాటిలో ఒకటి. ఫ్లోరిడాలో బోట్లు ఆ జెండాకు సముద్రంలో 300 అడుగులు, నదుల్లో, కాలువల్లో 100 అడుగుల దూరంలో ఉండటానికి ప్రయత్నించాలి. అదే దూరం దాటి పోకుండా డైవర్ కూడా జెండా దగ్గరే ఉండాలి. జెండాకు దూరంగా తేలితే మీ వాదన బలహీనపడుతుంది.

మెరైన్ పార్కుల్లో రూల్స్ కచ్చితంగా పాటించండి. కరీబియన్ దీవి బోనైర్‌లో పగడాలను పట్టుకోకుండా ఉండాలని గ్లవ్స్‌నే నిషేధించారు. మునిగిన ఓడల్లోంచి ఏదీ తేవద్దు. బ్రిటన్ నీళ్లలో ఓడకు చెందిన వస్తువేదైనా తీస్తే 28 రోజుల్లో అధికారికి తెలపాలి. అలాగని ఓడల దగ్గరికే రావద్దనడం కూడా అంతర్జాతీయ పద్ధతి కాదు. నీటి అడుగు వారసత్వంపై 2001 యునెస్కో ఒప్పందం, పాడు చేయకుండా చూసివెళ్లే ప్రజలను ప్రోత్సహించాలనే చెబుతోంది. ఎక్కడైనా ఓడను పూర్తిగా మూసేస్తామని అంటే ఈ ఒప్పందాన్ని గుర్తుచేయండి.

8. ఏదైనా జరిగితే

మనిషి ముందు. ఆక్సిజన్, వైద్యం, బీమా ఎమర్జెన్సీ నంబర్. ఆ తర్వాత ఆధారాలు. సిలిండర్ వాల్వు మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాయండి, గేజ్ ఫొటో తీయండి. సిలిండర్‌లో మిగిలిన గాలిని వదిలేయనివ్వకండి, పరీక్షకు అదే సాక్ష్యం. పరికరాలు కడగకండి, విప్పకండి. లోతు, సమయం రికార్డు చేసే డైవ్ కంప్యూటర్‌లోని డేటాను ఆ రోజే కాపీ చేసుకోండి. బోటులో ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మొదటి ప్రశ్నే చెబుతుంది. చట్టం మీరితే ప్రభుత్వ శాఖకు. ఇన్‌స్ట్రక్టర్ ప్రమాణాలు మీరితే ఆయనకు కార్డు ఇచ్చిన శిక్షణ సంస్థకు. ఇలాంటి ఫిర్యాదులు చూసే విభాగం పెద్ద సంస్థలన్నింటికీ ఉంది, సభ్యత్వం రద్దు చేసే అధికారమూ ఉంది. డబ్బు తగాదా అయితే వినియోగదారుల ఫోరానికి, కార్డుతో కట్టి ఉంటే మీ బ్యాంకుకు కూడా. నా నూనె వాసన డబ్బులు చివరికి బ్యాంకు ద్వారానే వెనక్కి వచ్చాయి. సిలిండర్ ముద్ర ఫొటో, గోడ మీద కాగితం ఫొటో, ఆ రోజే పంపిన మెయిల్, ఈ మూడే పనిచేశాయి.

9. ప్రభుత్వం కొత్త రూల్ తెస్తానంటే

ఎక్కడో పెద్ద ప్రమాదం జరుగుతుంది, నెలలోపు ముసాయిదా వస్తుంది. చాలా దేశాల్లో ప్రజల అభిప్రాయం కోసం గడువు ఇస్తారు. ఆ గడువులో డైవర్లు మాట్లాడకపోతే డైవ్ చేయనివాళ్లు రాసిన రూలే మిగులుతుంది.

రాసేటప్పుడు "మా స్వేచ్ఛ" అని మొదలుపెట్టకండి. ఏ సెక్షన్ గురించి మాట్లాడుతున్నారో నంబర్ వేయండి. అది నీళ్లలో ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెప్పండి. దాని బదులు ఏం రాయాలో ఆ వాక్యం మీరే రాసివ్వండి, అధికారులకు అన్నింటికంటే ఉపయోగపడేది అదే. గాలి పరీక్ష, తలల లెక్క, ఆక్సిజన్ కిట్, బోటులో రాత్రి కాపలా, వీటి మీద ఎంత గట్టి చట్టం వచ్చినా నేను సమర్థిస్తాను, ఎందుకంటే డబ్బిచ్చినవాళ్లు ఇవన్నీ స్వయంగా తనిఖీ చేసుకోలేరు. శిక్షణ పొందిన పెద్దవాళ్లు స్నేహితులతో కలిసి ఎంత లోతుకు దిగాలి, ఎవరితో దిగాలి అన్నది మాత్రం వాళ్లకే వదిలేయాలని రాస్తాను. మీ అభిప్రాయం వేరే అయితే అదే రాయండి. ఎన్నేళ్లుగా డైవ్ చేస్తున్నారో, ఎన్ని డైవ్‌లు చేశారో పైన పెట్టండి, గడువుకు రెండు రోజుల ముందే పంపండి, అందినట్టు వచ్చిన నంబర్ దాచుకోండి.